రంగు జరిగిన ఇళ్లు

పోయిన నెలలో పన్ను చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, డాక్టరు పిలిచేదాకా కూర్చునే గదిలో ఒక పాతకాలపు రంగుల బొమ్మ కనిపించింది. ఇంగ్లండులో ఎవరో ప్రభువుగారి బంగళా. ముందు పచ్చిక, పచ్చిక మీద రెండు జింకలు, వెనక చెట్లు, చెట్ల పైన లేత నీలం ఆకాశం. నేను లేచి వెళ్లి, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి, ఆ ఇంటి పొగగొట్టాల అంచులు చూడ్డం మొదలుపెట్టాను. కౌంటరు వెనకున్న అమ్మాయి కాసేపు నన్నే గమనించి, "ఆ ఇల్లు మీకు తెలుసా?" అని ఇంగ్లీషులో అడిగింది.

తెలియదన్నాను. ఆకాశం సరిగ్గా పడిందో లేదో చూస్తున్నానని చెప్తే ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది? వచ్చి కూర్చున్నాను. పన్ను సంగతి మర్చిపోయాను. అక్కడున్నంతసేపూ అంకులే గుర్తొచ్చారు.

ఆయన్ని మొదట చూసింది, ఈ దేశంలో మేముండే ఊరు లోవర్ హట్‌లో, మా తెలుగు చర్చి ఆరాధన జరిగే హాల్లో. రెండు వారాలకోసారి ఆదివారం మధ్యాహ్నం ముప్పై నలభై మందిమి చేరేవాళ్లం. చాలామంది నర్సులు, లేకపోతే నాలాగా వృద్ధుల హోముల్లో కేర్‌గివర్లు. ఆయన చివరి వరసలో కూర్చునేవారు. పాటల కాగితాలు పంచే పని ఎవరూ అప్పగించకుండానే తన మీద వేసుకున్నారు. పంచే ముందు ఆ కట్టని రెండు చేతులా పట్టుకుని విల్లులా వంచి, గాలాడేలా ఒకసారి విదిలించి, బల్ల మీద నాలుగు అంచులా తట్టి సమం చేసేవారు. ఎందుకంకుల్ అంటే, "కాగితం ఊపిరి పీల్చుకోవాలమ్మా. లేకపోతే రెండేసి అంటుకుని వస్తాయి" అనేవారు. భోజనాల దగ్గర పేపరు న్యాప్‌కిన్లకీ అదే మర్యాద. ఒకసారి ఎవరో తెచ్చిన చపాతీల దొంతరని కూడా నాలుగు పక్కలా తట్టి సర్దుతుంటే పిల్లలు పకపకా నవ్వారు. ఆయనా నవ్వారు గానీ చెయ్యి ఆపలేదు.

ప్రార్థన అవసరతలు చెప్పమన్నప్పుడు ఒకరు వీసా అనేవారు, ఒకరు డ్రైవింగ్ టెస్టు అనేవారు, ఒకరు మోకాలి ఆపరేషన్ అనేవారు. ఆయన వంతు వస్తే "అందరూ బాగుండాలి" అని కూర్చునేవారు. తనకోసం ఏదీ అడగ్గా నేను వినలేదు.

ఆయనతో అసలు పరిచయం ఒక ఆప్ షాపులో జరిగింది. జనం ఇచ్చేసిన పాత సామాన్లు అమ్మే దుకాణాన్ని ఇక్కడ అలా అంటారు. మావారు ట్రక్కు డ్రైవరు, వారంలో నాలుగైదు రోజులు రోడ్డు మీదే. శనివారం పొద్దున్న ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక నేను ఆ షాపుకి వెళ్లి గిన్నెలూ దుప్పట్లూ తిరగేస్తుండేదాన్ని. ఆ రోజు వెనక మూల, ఫ్రేములు గుట్టగా పడేసిన చోట, ఆయన ఒక బంగళా బొమ్మని కిటికీ వెలుతురుకి పట్టుకుని, కంటికి చిన్న భూతద్దం ఆనించి చూస్తున్నారు.

"ఇంటికి కొంటున్నారా అంకుల్? బంగళా బాగుంది."

"బంగళా ఎవరిక్కావాలమ్మా. ఇటు రా, ఈ పొగగొట్టం చూడు."

భూతద్దం నా చేతికిచ్చారు. చూశాను. ఇటుకల ఎర్రరంగు పొగగొట్టం గీత దాటి ఒక వెంట్రుక మందం ఆకాశంలోకి వచ్చింది.

"కనిపించిందా? రంగు జరిగింది. వందేళ్లు ఎప్పుడో దాటిన అచ్చు ఇది. అప్పట్లో ఒక్కో రంగుకి ఒక్కో చెక్క దిమ్మ. ఎనిమిది రంగులంటే ఒకే కాగితం ఎనిమిదిసార్లు దిమ్మ కిందకి వెళ్లాలి, ఎనిమిదిసార్లూ అదే చోట పడాలి. వీడికి ఏడుసార్లు పడింది. ఎనిమిదోసారి చెయ్యి వణికింది. జ్వరమో ఏమో. ఇంట్లో ఎవరికి బాలేదో."

చనిపోయి వందేళ్లయిన ఒక పనివాడికి జ్వరమొచ్చిందని ఆయన మొహంలో నిజంగా దిగులు. బొమ్మ కింద ఇంగ్లీషులో ఆ ఇంటి పేరూ, ఇల్లు గలాయన పేరూ ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టి, "కట్టించినాయన పేరు వేశారు. చెయ్యి వణికినవాడి పేరేదీ?" అన్నారు.

బిల్లు దగ్గర కూర్చునే పెద్దావిడ ఆయనకి బాగా అలవాటు. "ఇంగ్లండు అంటే మీకు చాలా ఇష్టమనుకుంటాను, ఎప్పుడైనా వెళ్లారా?" అని ఆవిడ నవ్వుతూ అడిగింది. ఆయన నిటారుగా నిలబడి, "నో మేడమ్. మిషన్ మ్యాన్" అన్నారు. ఆవిడకి ఏమర్థమైందో గానీ చాలా గౌరవంగా తలూపింది.

విజయవాడలో కాలెండర్లు వేసే ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు మిషన్ నడిపారని ఆ రోజే తెలిసింది. దేవుళ్లూ, పసిపిల్లలూ, మంచుకొండలూ, అన్నీ ఆయన చేతి మీదుగానే గోడలకెక్కాయి. కూతురు ఇక్కడ నర్సుగా సెటిల్ అయ్యాక ఆయన్నీ ఆంటీనీ పిలిపించుకుంది. వచ్చిన మూడో ఏడు ఆంటీ పోయారు. మరి రెండేళ్లకి కూతురూ అల్లుడూ మంచి ఉద్యోగాలొచ్చి బ్రిస్బేన్ వెళ్లిపోయారు. ఆయన కదల్లేదు. కౌన్సిల్ వాళ్లు పెద్దవాళ్లకిచ్చే ఒంటిగది ఫ్లాట్ తీసుకుని ఉండిపోయారు.

ఆ ఫ్లాట్‌లో మంచం, రెండు కుర్చీలు, గోడలనిండా ఇంగ్లీషు బంగళాలు. ఇరవై పైనే ఉండేవి. వాటి అసలు పేర్లు ఆయన ఎప్పుడూ పలకలేదు. ఆకాశం జారిన ఇల్లు, ఎర్ర పొగగొట్టం ఇల్లు, రెండు గొడుగుల దొరసాని ఇల్లు. ఆ దొరసానికి నిజానికి గొడుగు ఒకటే. పసుపు రంగు పక్కకి జరిగి రెండోది పుట్టింది. తప్పు లేని బొమ్మ ఆయన కొనేవారు కాదు. "అన్నీ సరిగ్గా పడితే మనిషి కనపడడమ్మా, ఇల్లొకటే మిగులుతుంది" అనేవారు. ఒకరోజు టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఆ గోడ వైపే చూస్తూ, "ఇన్ని కిటికీలున్నాయి కదా, ఒక్క కిటికీలో అయినా మనిషున్నాడేమో చూడు" అన్నారు. గోడంతా వెతికాను. పచ్చిక మీద దొరసానులున్నారు, గుర్రాలున్నాయి, కుక్కలున్నాయి. కిటికీలన్నీ ఖాళీ. "రాత్రి దీపం పెట్టే దిక్కు లేనట్టుంది పాపం, అంతంత కొంపల్లో" అన్నారు.

శనివారం మధ్యాహ్నం మాత్రం ఆయన ఎవరికీ దొరికేవారు కాదు. బస్సెక్కి ఆంటీ సమాధి దగ్గరికి వెళ్లేవారు. ఆదివారం రాత్రుళ్లు కూతురు ఫోన్ చేసి రమ్మని బతిమాలేది. ఒకసారి నేనక్కడే ఉన్నాను. "మీ అమ్మని తీసుకొచ్చింది మనమే. ఇక్కడ ఆవిడకి ఎవరు తెలుసే? ఒక్కదాన్నీ వదిలేసి ఎలా వచ్చేది?" అన్నారు. అటువైపు కూతురు ఏడవడం నాకూ వినిపించింది. ఫోన్ పెట్టేసి, "నీళ్లు మరిగినట్టున్నాయి, టీ పెడతా" అని లేచారు. స్టవ్ అసలు వెలిగించనేలేదు.

పరిచయమైన మూడేళ్లకి, జనవరి ఎండల్లో ఒక సాయంత్రం, డ్యూటీ నుంచి వస్తూ ఆయన ఫ్లాట్ దగ్గర ఆగాను. చాలా ఉత్సాహంగా ఉన్నారు. పొద్దున్నే ఒక బొమ్మ దొరికిందట. మంచం మీద గుడ్డ పరిచి దాని మీద పెట్టారు.

"తొమ్మిది రంగులమ్మా. ఇలాంటిది ఇంతవరకూ దొరకలేదు. ఆకాశం చూడు, ఎంత మెత్తగా ఎక్కించాడో."

చూశాను. నున్నటి మెరుపు కాగితం. ఏదో టూరిస్టు కాలెండరు నుంచి చింపి ఫ్రేము కట్టిన ఫోటో అది. బంగళా పక్కన చెట్ల నీడలో ఒక తెల్లకారు పార్క్ చేసి ఉంది.

ఆయన భూతద్దం నాకందించారు. "చుక్కలున్నాయా?"

ఈ కాలపు అచ్చయితే భూతద్దం కింద ముగ్గుచుక్కల్లా సన్నటి రంగుచుక్కలు కనిపిస్తాయని నాకు నేర్పింది ఆయనే. భూతద్దం అక్కర్లేదు, కారే కనిపిస్తోంది. అయినా కంటికి ఆనించుకుని చూశాను. అన్నీ చుక్కలే.

"లేవంకుల్."

ఆయన నా చేతిలోంచి భూతద్దం తీసుకుని, రుమాల్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"నీకు అబద్ధం చెప్పడం రాదమ్మా. ఏం కనిపించింది?"

"కారు."

"కారా!" అని పెద్దగా నవ్వారు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. తర్వాత మంచం అంచున కూర్చుని అసలు సంగతి చెప్పారు. రెండేళ్లయిందట. కంటి నడిమధ్యలో మచ్చ పడిందని, వయసుతో వచ్చేదని డాక్టరు చెప్పాడట. "చుట్టూ కనిపిస్తుంది. ఏది చూద్దామనుకుంటానో అదే కనపడదు. నీ వైపు చూస్తే నీ చెవులున్నాయి, నీ చున్నీ ఉంది. మొహం లేదు."

"మరి ఈ బొమ్మలన్నీ?"

"ముందు కొన్నవి. గుర్తున్నాయి."

ఆ వెంటనే నా చెయ్యి పట్టుకున్నారు. "అమ్మాయికి చెప్పకు. చెప్పావంటే మర్నాడే విమానం ఎక్కిస్తుంది. మాటివ్వు."

ఇచ్చాను. పదిహేనేళ్లుగా ముసలివాళ్లని చూసుకునే పనిలో ఉన్నదాన్ని, అలాంటి మాట ఇవ్వకూడదని నాకు తెలుసు. అయినా ఇచ్చాను.

ఆ తర్వాత ఏడు నెలలు ఆయనకి నేనే కళ్లయ్యాను. ఉత్తరాలు చదివిపెట్టాను. మందు సీసాలకి వేరువేరు రంగుల రబ్బరు బ్యాండ్లు వేశాను. శనివారం పొద్దున్న ఇద్దరం ఆప్ షాపుకి వెళ్లేవాళ్లం. నేను బొమ్మ పట్టుకుని చూసి చెప్పేదాన్ని, ఆయన కళ్లు మూసుకుని వినేవారు. "గుర్రం తోక దగ్గర ఆగు. అక్కడ నలుపు ఎలా పడింది?" "కొంచెం కిందకి దిగిందంకుల్." "దిగుతుంది. చివరి రంగు కదా, వాడప్పటికే అలిసిపోయుంటాడు." అలా ఆ కాలపు అచ్చు పనివాళ్లు ముగ్గురివో నలుగురివో తప్పులు వెతికిపెట్టాను. ఎవరికైనా నాతో ఇంత పని పడటం, నా కోసం పొద్దున్నే చొక్కా వేసుకుని కూర్చోవడం నాకు ఈ దేశంలో అదే మొదలు. ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన రహస్యం దాచింది ఆయన కోసమే కాదు.

ఆగస్టులో, ఇక్కడి చలికాలంలో, ఒక శుక్రవారం దక్షిణపు చలిగాలితో వాన కొడుతోంది. హోములో ఉండగా నాకు పోలీసుల నుంచి ఫోనొచ్చింది. ఆయన పర్సులో నా నంబరు దొరికిందట. బస్సు దిగి ఒక వీధి ముందే తిరిగిపోయారు. ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఎవరిదో తలుపుకి తాళంచెవి పెట్టి తిప్పుతూ నిలబడ్డారు. తిరక్కపోతే గట్టిగా తోశారు. లోపల చంటిబిడ్డతో ఒంటరిగా ఉన్న అమ్మాయి హడలిపోయి పోలీసుల్ని పిలిచింది.

నేను వెళ్లేసరికి తన ఫ్లాట్‌లో తడి కోటుతోనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. పోలీసమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడుతోంది. ఆయన మాత్రం ఆవిడ ఉన్న వైపు కాకుండా గోడ వైపు తిరిగి, "సారీ మేడమ్, సారీ మేడమ్" అంటున్నారు. ఆవిడ వెళ్లిపోయాక కోటు గుండీ ఒకటి విప్పి మిగతావి అలాగే వదిలేశారు.

"ఆ బిడ్డ ఏడ్చిందమ్మా," అన్నారు. "నన్ను చూసి ఒక పసిబిడ్డ ఏడ్చింది."

ఆ రాత్రి ఇంటికెళ్లి కూతురికి ఫోన్ చేశాను. అంతా విని, "మీకెన్నాళ్లనుంచి తెలుసక్కా?" అంది.

"ఏడు నెలలు."

"నేనూ నర్సునే కదక్కా," అంది. తిట్టినా బాగుండేది.

నాలుగో రోజుకి వచ్చింది. వారంలో అన్నీ అయిపోయాయి. బొమ్మల్ని ఏం చేద్దాం నాన్నా అంటే, "తెచ్చినచోటే ఇచ్చెయ్" అన్నారు. నేనూ ఆ అమ్మాయీ కార్లో రెండు ట్రిప్పులు వేసి ఆప్ షాపులో దింపాం. బిల్లు దగ్గర పెద్దావిడ ఒక్కొక్కటీ అందుకుంటూ, "ఆయన బాగానే ఉన్నారు కదా?" అని అడుగుతూనే ఉంది. గోడల మీద ఫ్రేములు తీసినచోట లేత చతురస్రాలు మిగిలాయి. ఆయన వాటి మధ్య కూర్చుని ఆ వారమంతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను వెళ్తే కాళ్లు దగ్గరికి తీసుకుని దారి ఇచ్చేవారు. అంతే.

ఎయిర్‌పోర్టుకి నా కార్లోనే వెళ్లాం. హార్బరు పక్కన రోడ్డు పొడుగునా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కూతురు బ్యాగులు ఇవ్వడానికి లైన్లో నిలబడితే, నేను ఆయన్ని బాత్రూం దాకా నడిపించుకెళ్లాను. తిరిగొస్తూ నా మోచెయ్యి పట్టుకుని ఆగిపోయారు.

"పొద్దున్న మీ ఆంటీ దగ్గరికి తీసుకెళ్తావనుకున్నానమ్మా."

ఆ వారమంతా పాస్‌పోర్టు, మందులు, కరెంటు కనెక్షను, ఫ్లాటు తాళాలు... కూతురికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆయన అడగలేదు. నాతో మాట్లాడ్డం మానేశారు కాబట్టి అడగలేదు. విమానానికి గంటే ఉంది.

"నేను వెళ్లి చెప్తానంకుల్," అన్నాను.

"ఏమని చెప్తావు?" అన్నారు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

ఆ మర్నాడే వెళ్లాను. ఎన్నేళ్లుగా ఆయన ప్రతి శనివారం అక్కడికి వెళ్తారని తెలిసినా, ఆ సమాధి ఎక్కడుందో నేను ఎప్పుడూ అడగలేదు. గాలిలో చున్నీ తలకి చుట్టుకుని, వరస తర్వాత వరస, రాళ్ల మీద పేర్లు చదువుకుంటూ గంటకి పైగా తిరిగాను. చివరికి కొండవైపు వరసలో దొరికింది. ఆంటీ పేరు, కింద తెలుగులో ఒక కీర్తన వాక్యం. రాయి శుభ్రంగా తుడిచి ఉంది. ఆయన చివరిసారి వచ్చిన శనివారం తుడిచింది. నేను నిలబడి, "అంకుల్‌ని బ్రిస్బేన్ పంపించేశాం ఆంటీ. కళ్లు కనపడట్లేదు. నేనే చెప్పాను" అన్నాను. పక్క వరసలో పూలు మారుస్తున్న ముసలాయన తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

బ్రిస్బేన్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి మామూలుగానే మాట్లాడారు. అక్కడి పక్షులు పోట్లాడుకుంటున్నట్టు అరుస్తాయనీ, ఇల్లు చాలా పెద్దదనీ, పగలంతా అందరూ పనులకి వెళ్తే ఏసీ చప్పుడొకటే ఉంటుందనీ చెప్పారు. ఆంటీ దగ్గరికి వెళ్లానని చెప్తే, "రాయి తుడిచావా?" అన్నారు. తుడిచానన్నాను. రెండోసారి ఆయన నిద్రపోతున్నారని మనవడు ఇంగ్లీషులో చెప్పాడు. మూడోసారి చెయ్యాలనుకుంటూనే, ఇవాళ డబుల్ షిఫ్ట్, రేపు మావారొస్తారు అని వాయిదా వేశాను. నాలుగు నెలలు కాకుండానే నిద్రలో పోయారని కబురొచ్చింది. అక్కడే సమాధి చేశారు. మా హాల్లో ఆదివారం ఒక నిమిషం మౌనం పాటించాం. ఆ రోజు పాటల కాగితాలు రెండేసి అంటుకుని వచ్చాయి. ముందు వరసలో సరిపోలేదు, వెనక వరసలో మిగిలిపోయాయి.

తర్వాత నెలకి కూతురు తనంతట తనే ఫోన్ చేసింది. ఏ సంగతి మీద చేసిందో మొదట తెలియలేదు. నా ఉద్యోగం అడిగింది, లోవర్ హట్‌లో వానలు అడిగింది. అడిగి అడిగి, "ఒకటి అడుగుతానక్కా, నిజం చెప్పండి. మీ ఇంట్లో ఎప్పుడైనా నాన్న అన్నం తిన్నారా?" అంది.

"చాలాసార్లు తిన్నారు."

"తిన్నాక మీతో ఏమనేవారు?"

గుర్తు చేసుకున్నాను. ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనేవారు. పప్పు బాగుంటే ఇంకో గరిటె వెయ్యమనేవారు. వంకాయ ముదురుదైతే, కొనేటప్పుడు కళ్లెక్కడ పెట్టావు, నాకంటే అన్యాయం అనేవారు. అదే చెప్పాను.

"నా దగ్గర నాలుగు నెలలున్నారక్కా," అంది. "ఒక్క పూట ఉప్పు తక్కువైందనలేదు. ఎక్కువైందనలేదు. కంచం ముందు పెట్టినప్పుడల్లా నా వైపు తిరిగి, థాంక్యూ అమ్మా అనేవారు. మంచినీళ్లిస్తే థాంక్యూ. దుప్పటి కప్పితే థాంక్యూ. సొంత కూతురికి ఎవరైనా థాంక్యూ చెప్తారా అక్కా?"